నూతిలో కప్ప, ఏ కప్ప?

లోకం చూడనివాణ్ణి నూతిలో కప్ప అంటాం. ఆ మాట వినగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ కప్ప? గోదావరి డెల్టాలో ఇప్పుడు నుయ్యి అంటే నున్నటి సిమెంటు వరలు. అందులో చెట్టుకప్ప పడితే రాత్రికి రాత్రే గోడెక్కి వెళ్ళిపోతుంది. ఒళ్ళంతా బుడిపెలున్న గోదురుకప్ప పడితే గోడ వెంబడి తిరిగి తిరిగి, చివరికి అలసి చస్తుంది. రెండూ కప్పలే. ఒకదానికి బతుకు, ఇంకోదానికి చావు ఎందుకయ్యిందో వేళ్ళ కొనలు చూస్తే తెలిసిపోతుంది.

వానాకాలం రాత్రి ఏ పెరట్లో చూసినా బెకబెకలు వినబడుతున్నాయి కాబట్టి "మా ఊళ్ళో కప్పలకేం కొదవ" అనుకోవడం తప్పని నా వాదన. డెల్టాలో కప్పలు కనీసం ఐదు రకాల కాళ్ళతో బతుకుతున్నాయి. బల్లి, తొండ, ఉడుము, నలికిరి కూడా అంతే, ఒక్కోదానికి ఒక్కో కాలు. మనం కట్టే ప్రతి నిట్టనిలువు నున్నటి గోడా ఆ కాళ్ళలో ఒక రకాన్ని పోనిచ్చి మిగతావాటిని ఆపేస్తోంది. అందుకని ఎన్ని కప్పలున్నాయని అడిగితే సరిపోదు. ఎన్ని రకాల కాళ్ళు మిగిలాయో అడగాలి.

ముందు కప్ప వెనక కాలు సంగతి చూద్దాం. బళ్ళో "కప్పకి పొడవాటి వెనక కాళ్ళుంటాయి, అందుకే దూకుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. దాని పనితనం అంతకంటే చాలా ఎక్కువ. మనకి కాలు మడిచే చోట్లు మూడు: తుంటి, మోకాలు, చీలమండ. కప్పకి ఇంకొకటి అదనం. చీలమండలో మనకి పొట్టిగా ఉండే రెండు ఎముకలు కప్పలో పొడవుగా సాగి, రెండు చివర్లా అతుక్కుని, కాలికి మరో ముక్కలా పనిచేస్తాయి. మోకాలి కింద మనకి విడిగా ఉండే రెండు ఎముకలు దానికి ఒకటిగా కలిసిపోయాయి, ముంజేతి ఎముకలూ అంతే. దూకి నేల మీద పడ్డప్పుడు మెలితిరిగి విరగకుండా ఈ అతుకు కాపాడుతుంది. వెన్నులో పూసలు తొమ్మిదే. వాటి వెనక తోకకి గుర్తుగా పుల్లలాంటి ఒక ఎముక మిగిలింది. తుంటి ఎముకలు ముందుకి బాగా సాగి వెన్నుతో కలుస్తాయి. కూర్చున్న కప్ప వీపు మీద కనబడే గూని ఆ కీలే. దూకేటప్పుడు ఆ గూని తిన్నగా అవుతుంది, అంటే వీపు కూడా కాలికి తోడుగా నెడుతుంది.

పిక్క కండ పని ఇంకా సొగసైనది. కప్ప కదలకముందే ఆ కండ బిగుసుకుని, దాని చివరనున్న స్నాయువుని, అంటే కండని ఎముకకి కట్టే తాడులాంటి దాన్ని, విల్లులా సాగదీసి ఉంచుతుంది. కాలు ఎత్తిన క్షణంలో ఆ సాగింది ఒక్కసారిగా వెనక్కి వస్తుంది. కండ ఒక్కటే ఇవ్వలేనంత శక్తి అలా వస్తుంది. ఈ కాలి కండ కోసమే ఒకప్పుడు మన దేశం నుంచి బోదురుకప్పలనే పెద్ద చేల కప్పల్నీ, చెరువుల్లోని పెద్ద ఆకుపచ్చ కప్పల్నీ పట్టి కాళ్ళు ఎగుమతి చేశారు. 1987లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది. ఒక జంతువుని కాలి కోసం పట్టి చంపిన చరిత్ర మనకుంది, ఆ కాలు ఏం చేస్తుందో నేర్పిన చరిత్ర మాత్రం అంతగా లేదు.

దూకే కప్పా, గెంతే కప్పా అన్నది తేల్చడానికి పాత పరీక్ష ఒకటుంది. రెండు తొడల్నీ ఒంటికి అడ్డంగా, లంబకోణంలో పెట్టి పిక్కల్ని మడిస్తే రెండు మడమలూ ఒకదాన్నొకటి దాటితే అది దూకుడు కాలు. గట్ల మీద ఎగిరే చిన్న కప్పలకీ చెట్టుకప్పకీ అలా దాటతాయి. గోదురుకప్పకి మడమలు కలవనే కలవవు. పిక్క పొడవుని మూతి నుంచి పిర్రల దాకా ఉన్న పొడవుతో పోల్చి చూసినా ఇదే తేలుతుంది: దూకే వాటికి పిక్క దాదాపు ఒంట్లో సగం, గోదురుకప్పకి సగానికి బాగా తక్కువ. గోదురుకప్ప ఒక్క దూకుతో పారిపోదు, పొట్టి గెంతులతో చాలా దూరం వెళుతుంది. పారిపోలేని లోటుని కళ్ళ వెనక ఉబ్బెత్తుగా ఉండే విషగ్రంథులు తీరుస్తాయి. పొట్టి కాలుకీ ఆ విషానికీ సంబంధం ఉంది, రెండూ కలిసి ఒకే బతుకుతెరువు.

ఈ పరీక్షలో జనం పొరబడే చోటు ముంగాళ్ళు. జత కట్టే కాలంలో మగ కప్ప ముంజేతులు లావెక్కుతాయి, బొటనవేలి దగ్గర గరుకు మెత్త వస్తుంది. అది ఆడకప్పని జారిపోకుండా పట్టుకోవడానికి. దాన్ని చూసి "ఇది తవ్వే కప్ప" అని రాసేస్తే తప్పే.

నీటికప్ప కాలు ఇంకో తీరు. వెనక వేళ్ళ మధ్య చర్మం కొనల దాకా నిండుగా ఉంటుంది. పంట కాలువలోనో గుర్రపుడెక్క ఆకుల మధ్యో కళ్ళు మాత్రం పైకి పెట్టి తేలుతూ, అలికిడి కాగానే నీటి మీదే తడతడమని ఎగిరిపోయేది ఇదే. ఆ తెడ్డు పాదం నీటిలో ఎంత గొప్పదో పొడి గోడ మీద అంత పనికిరానిది. వేళ్ళ కొనలకి గోళ్ళు లేవు, మెత్తలూ లేవు.

డెల్టాలో ఎవరూ పట్టించుకోని కాలు తవ్వే కప్పలది. లంకల్లోనూ తీరం దగ్గరి ఇసుక నేలల్లోనూ తొలకరి వానలకి ఉన్నట్టుండి బయటికొచ్చి, వారం పది రోజుల్లో మళ్ళీ మాయమయ్యే గుండ్రటి కప్పలు ఇవి. అరికాలు తిప్పి చూస్తే బొటనవేలి మొదట్లో పార ఆకారంలో గట్టి అంచున్న బుడిపె కనిపిస్తుంది. బెలూనులా ఉబ్బే కప్పకి ఒక్కో పాదానికి అలాంటివి రెండు పెద్దవి ఉంటాయి. ఇవి తలతో తవ్వవు. కూర్చున్నచోటే వెనక కాళ్ళు ఒకటి మార్చి ఒకటి పక్కలకి నెడుతూ, ఒళ్ళు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ, వెనక్కి దిగిపోతాయి. అందుకే కాళ్ళు పొట్టి, తొడలు లావు: పారకి పొడవాటి కర్ర కంటే పొట్టి కర్ర బలం. బోదురుకప్పల్లోనే రెండు జాతులున్నాయి. చూపుకి ఒకేలా కనబడే వాటిని వేరుచేసే గట్టి గుర్తు ఈ పార బుడిపే. ఒకదానికది పెద్దది, పదునైనది, ఇంకోదానికి అంత కాదు.

ఇప్పుడు నేల సంగతి. ఒండ్రు బంకమన్ను వేసవిలో, కాలువలు కట్టేశాక, రాయిలా బిగిసి నెర్రెలిస్తుంది. ఆ నేలలో ఈ పార దిగదు. కప్ప నెర్రెల్లో దూరి తలదాచుకోవాలి, లేదా కొబ్బరి పాదుల్లోనూ గట్ల అడుగునా ఉన్న తడి మెత్తటి మన్ను వెతుక్కోవాలి. గట్టుని రెండు పక్కలా చెక్కేసి జానెడు వెడల్పు మిగిల్చినప్పుడు మనం కోల్పోయేది గట్టు ఒక్కటే కాదు. దాళ్వా (రబీ) కోతలకీ సార్వా (ఖరీఫ్) దమ్ముకీ మధ్య కప్ప ఎండాకాలం గడిపే గది కూడా పోతుంది.

చెట్టుకప్ప దగ్గరికి వద్దాం. సున్నం కొట్టిన గోడల మీదా, స్నానాల గదిలో నీళ్ళ గొట్టం వెనకా పాలిపోయిన రంగులో కూర్చునేది ఇదే. కొనలో గుండ్రటి మెత్తలు వేళ్ళన్నిటికీ ఉంటాయి. ఆ మెత్త ఉపరితలం సూక్ష్మదర్శిని కింద తేనెపట్టులా కనబడుతుంది: ఆరు పలకల కణాలు, వాటి మధ్య సన్నటి కాలువలు, ఆ కాలువల్లో జిగురుద్రవం. గోడకీ మెత్తకీ మధ్య ఆ ద్రవం పలచని పొరగా నిలిచి పట్టు ఇస్తుంది. రెండు గాజు పలకల మధ్య నీటి చుక్క పడితే అవి విడదీయలేనంతగా అంటుకుంటాయే, అలా. వేలి చివరి రెండు ఎముకల మధ్య చిన్న మృదులాస్థి ముక్క ఒకటి అదనంగా ఉంటుంది. మామూలు కప్ప వెనక పాదంలో వేళ్ళ ఎముకలు బొటనవేలి నుంచి వరసగా రెండు, రెండు, మూడు, నాలుగు, మూడు. చెట్టుకప్పలో ఆ లెక్కకి పైన వేలికొకటి ఈ ముక్క చేరుతుంది. దానివల్ల వేలు ఎటు వంగినా మెత్త మాత్రం గోడకి చదునుగానే ఆనుతుంది. జారుతున్నట్టనిపిస్తే కప్ప కాళ్ళని పక్కలకి చాపుతుంది. కాలు ఒంటికి దగ్గరగా ఉంటే మెత్త ఊడి వస్తుంది, దూరంగా చాపితే గోడ వెంబడి లాగుడు పడి పట్టు నిలుస్తుంది. విడిపించుకోవాలంటే స్టిక్కరు ఒలిచినట్టు వెనక వైపు నుంచి ఒలుచుకుంటుంది.

దీనికీ హద్దుంది. ఒంటి బరువు ఘనంలో పెరుగుతుంది, మెత్త వైశాల్యం వర్గంలోనే పెరుగుతుంది. అంటే ఒళ్ళు రెట్టింపు పొడవైతే బరువు ఎనిమిది రెట్లు, మెత్త నాలుగు రెట్లే. అందుకే గోడెక్కే కప్పలు చిన్నవిగా, తేలిగ్గా, సన్నటి నడుముతో ఉంటాయి. అప్పుడే తోక కరిగిపోయిన గోరంత గోదురుకప్ప పిల్లలు తడి పొట్టతో గోడకి అంటుకుని కొంత దూరం పాకగలిగినా, పెద్దయ్యాక పాకలేకపోవడానికీ కారణం ఈ లెక్కే.

గోడెక్కే రెండో జంతువు బల్లి. పని ఒకటే, పద్ధతి పూర్తిగా వేరు. బల్లి మెత్తలో తడి లేదు. రాత్రి ట్యూబులైటు వెలుగున్న కిటికీ అద్దం మీద బల్లి పాకుతుంటే అవతలి వైపు నుంచి చూడండి, పట్టుకునే పనే లేదు. ప్రతి వేలి అడుగునా అడ్డ పట్టీలు మధ్యలో రెండుగా చీలి వరసగా కనబడతాయి. ఆ పట్టీల మీద కంటికి కనబడని నూగు ఉంటుంది. టోకే అనే పెద్ద బల్లి మీద లెక్కపెడితే ఒక్క పాదానికి సుమారు 5 లక్షల నూగు వెంట్రుకలు తేలాయి. ఒక్కో వెంట్రుక కొన వందలాది అతిసన్నటి రేకులుగా చీలి ఉంటుంది. అంత దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే, వాన్ డర్ వాల్స్ బలం, అన్నీ కలిసి బల్లిని మోస్తుంది. ఇది 2002లో ప్రయోగంతో నిరూపించారు. వేలు ఎత్తేటప్పుడు బల్లి కొనని పైకి, వెనక్కి చుట్టుకుంటూ ఒలుస్తుంది. మన వేలు అటువైపు మడవబడదు.

ఈ తేడా వల్లే తడి గోడ చెట్టుకప్పకి ఇష్టం, బల్లికి కష్టం. నీటితో తడిసిన అద్దం మీద బల్లి జారుతుంది, ఎందుకంటే నూగుకీ అద్దానికీ మధ్య నీటి పొర అడ్డొస్తుంది. కొత్తగా వేసిన పొడి సున్నం మీదా దానికి పట్టు దొరకదు. నూగు పట్టుకున్నది గోడని కాదు, రాలే పొడిని. మన ఇంటి బల్లులకి మెత్త పైన విడిగా లేచిన గోరు కూడా ఉంది. అద్దం మీద మెత్త, వేప బెరడు మీద గోరు: రెండు పనిముట్లూ ఒకే వేలికి.

గోరు మీదే ఆధారపడేవి తొండ, ఉడుము. గోరు పట్టాలంటే గోడ మీద గరుకు గోరు కొన కంటే పెద్దదిగా ఉండాలి. కొబ్బరి మాను మీద మట్టల మచ్చలు, మట్టిగోడ, పాత ఇటుక, ఇవన్నీ తొండకి నిచ్చెనలే. పుట్టీ పెట్టి రంగేసిన గోడ, టైల్సు, ప్లాస్టిక్ షీటు మాత్రం దానికి అద్దమే. తొండ వెనక పాదంలో నాలుగో వేలు అన్నిటికంటే పొడవు, అందులో అయిదు ఎముకలుంటాయి. బల్లి జాతి జంతువుల కాళ్ళు ఒంటి కింద కాక పక్కలకి చాచి ఉంటాయి. అడుగు వేసేటప్పుడు తొడ ఎముక గుండ్రంగా తిరుగుతుంది, పాదం పక్కకి మెలిపడుతుంది. ఆ మెలికలో నేలని చివరగా వదిలేది ఆ పొడవాటి వేలే. తొడని వెనక్కి లాగే పెద్ద కండ తోక మొదట్లోంచి వస్తుంది. తోక పట్టి తొండని ఊపే పిల్లలకి ఈ ఒక్క సంగతి చెబితే చాలు: నువ్వు పట్టుకున్నది దాని కాలి కండ.

తొండ రంగు మారగానే ఊసరవెల్లి అనేస్తారు. రంగు చూడకండి, పాదం చూడండి. ఊసరవెల్లి వేళ్ళు రెండు కట్టలుగా అతుక్కుని పటకారులా ఉంటాయి. ముందు పాదంలో లోపలి వైపు మూడు, బయటి వైపు రెండు. వెనక పాదంలో సరిగ్గా తిరగబడి లోపలి వైపు రెండు, బయటి వైపు మూడు. సన్నటి కొమ్మని రెండు వైపుల నుంచీ పట్టడానికి చేసిన పాదం అది. చదును నేల మీద దానికి పట్టుకోవడానికేమీ ఉండదు. రోడ్డు దాటే ఊసరవెల్లి అంత నెమ్మదిగా ఊగుతూ నడవడానికి కారణం బద్ధకం కాదు, పటకారుతో నడవడం.

ఉడుము పట్టు అని మనకి గట్టి మాటే ఉంది. ఆ పట్టులో వంకర గోళ్ళది సగం పాత్రే. బొరియలో దూరిన ఉడుము ఊపిరి పీల్చి ఒళ్ళు ఉబ్బించి గోడలకి బిగించుకుంటుంది. లాగినకొద్దీ రాకపోవడం దానివల్ల కూడా. ఇంకో విశేషం ఊపిరిదే. మెలికలు తిరుగుతూ పరిగెత్తే బల్లి జాతులకి పక్కల కండలు పరుగుకీ ఊపిరికీ ఒకటే, కాబట్టి పరిగెడుతూ సరిగ్గా ఊపిరి పీల్చలేవు. తొండ నాలుగు గజాలు ఉరికి ఆగేది అందుకే. ఉడుము గొంతు తిత్తిని పంపులా వాడి గాలి నెట్టుకుంటుంది, అందుకే ఎక్కువ దూరం పరిగెడుతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు. మాంసానికి పట్టడం నేరం.

నలికిరిని పాము పిల్ల అనుకుని కొట్టేస్తారు. దానికి విషం లేదు, నాలుగు కాళ్ళున్నాయి. ఆకులూ కొబ్బరి పీచూ పేరుకున్న చోట ఆ కాళ్ళని ఒంటికి ఆన్చుకుని పాములా జారిపోతుంది. సందుల్లో బతికేదానికి పొడవాటి కాలు అడ్డం. ఆ పొట్టి కాలే నున్నటి గుంటలో పడ్డప్పుడు దాని ప్రాణం తీస్తుంది.

కాలు చూసి చోటు చెప్పడం ఎప్పుడూ కుదరదని కొందరంటారు, అది నిజమే. బెలూను కప్ప దాయాది ఒకటుంది, వీపు మీద ఎర్రటి మచ్చలతో. దాని పాదంలో తవ్వే బుడిపెలున్నాయి, వేళ్ళ కొనల్లో వెడల్పాటి పలకలూ ఉన్నాయి. అది మట్టిలోనూ ఉంటుంది, చెట్టు తొర్రలోనూ ఉంటుంది. అలాంటి రెండు పనుల కాలు ఉండటం వల్ల నా వాదన బలహీనపడదు. ఆ జంతువుకి తప్పించుకునే దారులు రెండున్నాయని చెబుతుంది. గోదురుకప్పకి ఒకటీ లేదు.

ఇక కట్టడాల సంగతి. పంట కాలువలకి సిమెంటు లైనింగు వేస్తే నీరు ఇంకిపోవడం తగ్గుతుంది, చివరి చేలకి నీరు అందుతుంది. రైతు అడిగేది న్యాయమే, దాన్ని కాదనడం లేదు. నిలువు గోడ మాత్రమే గొడవ. సిమెంటు బోదెలు, వరల నుయ్యి, మూత సరిగాలేని సంపు, పునాది గుంట, మరుగుదొడ్డి గుంట, రొయ్యల చెరువు చుట్టూ పీతలు రాకుండా కట్టే ప్లాస్టిక్ షీటు, ఇవన్నీ కలిసి ఊళ్ళో మెత్తల కాళ్ళని మాత్రమే బతకనిస్తున్నాయి. అప్పుడు స్నానాల గదిలో చెట్టుకప్ప అరుపు విని కప్పలు బాగున్నాయనుకుంటాం. కప్పల తక్కెడ అంటారే, ఈ లెక్క అచ్చం అలాంటిదే.

కొత్తగా కట్టేటప్పుడైతే ఏటవాలు దారి పెట్టడం సులువు. ఎత్తు ఒక అడుగైతే పక్కకి రెండడుగులు, వెడల్పు ఒక అడుగు. సిమెంటు ఆరకముందే చీపురుతో అడ్డ గీతలు గీయాలి, లేదా కంకర అద్దాలి. నున్నగా పూత పూస్తే పాకుడు పట్టి వారంలో ఆ దారి కూడా గోడే అవుతుంది. పారే కాలువలో దారి అడుగు కొస ఎగువ వైపు ఉండాలి, పైకి లేచే కొస దిగువ వైపు. నీటిలో పడ్డ జంతువు గోడ పక్కనే కొట్టుకుపోతూ వస్తుంది, దానికి ముందు తగలాల్సింది దారి అడుగే. తిరగేసి కడితే జంతువు ఆ దారి వీపుకి గుద్దుకుని కిందికి పోతుంది. రెండు ఒడ్డులా పెట్టాలి.

ఉన్న నూతికీ గుంటకీ కొబ్బరి పీచు చాప చాలు, కోనసీమలో దానికి కొదవ లేదు. అడుగు వెడల్పు పట్టా పైన అంచుకి గట్టిగా కట్టి, కింద ఇటుక బరువేసి, వేసవిలో నీరు దిగే మట్టం కంటే కిందికి వేలాడనివ్వాలి. గోడకి ఆనుకునే ఉండాలి. గుంటలో పడ్డ జంతువు గోడ వెంబడే ఈదుతుంది తప్ప మధ్యకి రాదు, కాబట్టి మధ్యలో వేలాడే తాడు దానికి కనబడనే కనబడదు. గోనె పట్టా తడిలో త్వరగా కుళ్ళిపోతుంది. నైలాను వల అసలు వాడకూడదు: వేళ్ళు కన్నాల్లో ఇరుక్కుంటాయి, నలికిరీ పాములూ చిక్కుకుని చస్తాయి. నిలువు గోడ మీది పీచు చాపని గోదురుకప్ప పట్టుకుని ఎక్కగలదు, కానీ కొసన చాప అంచు మీదికి మడిచి నేల దాకా పరవకపోతే ఆఖరి నాలుగు అంగుళాల్లో మళ్ళీ కింద పడుతుంది. సంపుకైతే చాప కంటే మూత ముఖ్యం, మూత చుట్టూ సందు పెన్సిలు దూరనంత ఉండాలి.

లెక్కపెట్టేవాళ్ళకి ఒక మాట. మంచి వాన పడ్డ రాత్రి టార్చి పట్టుకుని వంద మీటర్ల గట్టు నెమ్మదిగా నడవండి. కప్పని చూసినప్పుడు పేరు తెలియకపోయినా ఫరవాలేదు, పాదం రాయండి: తెడ్డు, పార, మెత్త, పొడుగు పిక్క, పొట్టి పిక్క. అరికాలు చూడాల్సి వస్తే సబ్బూ దోమల మందూ లేని తడి చేత్తో గాజు సీసాలోకి పంపి, కింది నుంచి ఫొటో తీసి, రెండు నిమిషాల్లో అక్కడే వదలండి. గోదురుకప్పని ముట్టుకున్నాక చేతులు కడుక్కునేదాకా కళ్ళు రుద్దుకోకండి. తెల్లారి అదే ఊళ్ళోని గుంటల్లోకి, సంపుల్లోకి తొంగిచూసి, అందులో చచ్చిపడి ఉన్న వాటి పాదాలు కూడా అదే పుస్తకంలో, పక్క గడిలో రాయండి.